నోట్లోకి వెలుగు: ఏ రంగు, ఎంతసేపు, ఎంత లోతు

(ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు. చివర ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఇక్కడ సగంమంది డెంటల్ విద్యార్థులు, మిగతావాళ్లు చిగుళ్ల బాధతోనో కుతూహలంతోనో వచ్చినవాళ్లు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తాను. విద్యార్థులకు కొన్నిచోట్ల తెలిసిందే విన్నట్టుంటుంది, ఓర్చుకోండి.

"వెలుగు తగిలితే నోట్లో క్రిములు చస్తాయి" అన్న మాట మీరు ప్రకటనల్లో చూసే ఉంటారు. అది అబద్ధం కాదు. కానీ అందులో సగం దాచిపెట్టి చెప్తారు. వెలుగు దానంతటదిగా బ్యాక్టీరియాని ఏమీ చేయదు. మూడు సరుకులు ఒకే చోట, ఒకే క్షణంలో కలవాలి: తగిన రంగు వెలుగు, ఆ వెలుగును పీల్చుకునే రంగు పదార్థం, పక్కనే ఆక్సిజన్. మూడింట్లో ఏది తగ్గినా పని జరగదు. ఈ గంటలో నేను చెప్పబోయేదంతా ఆ మూడూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు అన్నదే.

ఇక్కడ అతినీలలోహిత కాంతిని పక్కన పెట్టేస్తున్నాను. అది 254 నానోమీటర్ల దగ్గర (వెలుగు రంగుని చెప్పే కొలత ఇది, తరంగదైర్ఘ్యం అంటాం) నేరుగా డీఎన్ఏని దెబ్బ తీస్తుంది. దానికి రంగు పదార్థమూ అక్కర్లేదు, ఆక్సిజనూ అక్కర్లేదు. కానీ మన బుగ్గ లోపలి పొర కణాల్లోనూ ఉన్నది ఆ డీఎన్ఏయే కదా. అందుకని అది నోటి బయటి వస్తువులకే. మనం మాట్లాడుకునేది కంటికి కనిపించే వెలుగు, దాని అంచున ఉండే పరారుణం.

ఈ కథ మ్యూనిక్‌లో మొదలైంది. ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, ప్రొఫెసర్ హెర్మన్ ఫాన్ టాపైనర్ దగ్గర, అక్రిడిన్ అనే రంగు, పారమీసియం అనే ఏకకణ జీవిని ఎంతసేపట్లో చంపుతుందో కొలుస్తున్నాడు. అదే రంగు, అదే మోతాదు. ఒకరోజు ఒక లెక్క, ఇంకోరోజు ఇంకో లెక్క వచ్చేది. చివరికి తేలిందేమిటంటే, ఆ రోజు వెలుతురు ఎంత ఉందన్నదే తేడా. ఉరుములతో మబ్బు పట్టిన రోజున పారమీసియం హాయిగా బతికింది. ఈ ఫలితం 1900లో అచ్చయింది. రంగు ఒక్కటే ఉంటే చావడం లేదు, వెలుగు ఒక్కటే ఉన్నా చావడం లేదు, రెండూ కలిస్తేనే చస్తున్నాయి. తర్వాత టాపైనర్ బృందమే దీనికి ఆక్సిజన్ కూడా కావాలని గమనించి ఫోటోడైనమిక్ చర్య అని పేరు పెట్టింది. అంటే ఇది కొత్త వింత కాదు. పెన్సిలిన్ కన్నా పాతది.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. రంగు పదార్థపు అణువు ఒక ఫోటాన్‌ని, అంటే ఒక వెలుగు రేణువుని, మింగి ఉత్తేజిత స్థితికి పోతుంది. అక్కణ్ణుంచి వెంటనే కిందికి దిగిపోతే మనకు మెరుపు మాత్రమే కనిపిస్తుంది. అలా దిగకుండా ట్రిప్లెట్ అనే కాస్త నిలకడైన స్థితిలోకి జారితే, అప్పుడు పక్కనున్న ఆక్సిజన్‌కి తన శక్తిని అందిస్తుంది. ఆ ఆక్సిజన్ సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపంలోకి మారుతుంది. అది దొరికిందాన్నల్లా ఆక్సీకరించేస్తుంది. పొరలోని కొవ్వులు, ప్రోటీన్లు, ఏదైనా సరే. ఇంకో దారిలో ఎలక్ట్రాన్ చేతులు మారి సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ అనే, ఇలాగే దెబ్బ తీసే పదార్థాలు పుడతాయి. రెండు దారులూ పక్కపక్కనే నడుస్తుంటాయి.

ఈ సింగ్లెట్ ఆక్సిజన్ ఆయుష్షు నీటిలో మూడు నాలుగు మైక్రోసెకన్లు. కణం లోపల ఇంకా తక్కువ. ఆ కాసేపట్లో అది నూరు నానోమీటర్లు దాటి పోవడమే గగనం. బ్యాక్టీరియా పొడవు సుమారు ఒక మైక్రోమీటరు, అంటే వెయ్యి నానోమీటర్లు. దీన్నుంచి వైద్యానికి పనికొచ్చే సంగతి ఒకటి తేలుతుంది. రంగు బ్యాక్టీరియాకి అంటుకుని ఉండాలి, లేదా లోపలికి పోయి ఉండాలి. పక్కన నీళ్లల్లో తేలుతున్న రంగు ఎంతున్నా దండగే. రంగు పూసి కొన్ని నిమిషాలు ఆగమనడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

మంచి సంగతి కూడా ఇందులోనే ఉంది. దెబ్బ ఒకేచోట కాదు, పొర మీదా ప్రోటీన్ల మీదా ఒకేసారి పడుతుంది. ఒక ఎంజైము మార్చుకుని తప్పించుకునే వీలు లేదు. యాంటీబయాటిక్‌కి లొంగని బ్యాక్టీరియా కూడా దీనికి లొంగుతుంది. దీనికి మొండికేయడం అంత తేలిక కాదు.

ఇక నోట్లోకి వద్దాం. బయటి నుంచి రంగు పూయక్కర్లేని బ్యాక్టీరియా కొన్ని ఉన్నాయి. రంగుని అవే తయారు చేసుకుంటాయి. రక్తం కలిపిన అగార్ పళ్లెం మీద వారం పది రోజులు పెంచితే నల్లటి కాలనీలుగా కనిపించే గుంపు ఇది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ప్రెవోటెల్లా ఇంటర్మీడియా, నైగ్రెసెన్స్, మెలనినోజెనికా. చిగుళ్ల జబ్బులో, నోటి దుర్వాసనలో వీటి పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. చిగుళ్ల నుంచి కారే రక్తంలోని హిమోగ్లోబిన్‌ని చీల్చి హీమ్ అనే ఇనుము ఉన్న భాగాన్ని తీసుకుని దాచుకుంటాయి. ఆ క్రమంలో పోర్ఫిరిన్లు అనే రంగు పదార్థాలు పోగవుతాయి. పోర్ఫిరిన్ 405 నానోమీటర్ల దగ్గర, అంటే ఊదా నీలం వెలుగులో, ఒళ్లంతా నోరు చేసుకుని వెలుగు తాగుతుంది.

ఇది కళ్లారా చూడాలనుకుంటే (తెర మీద చిత్రం) గది చీకటి చేసి, 405 నానోమీటర్ల వెలుగు పంటి మీద వేసి, నారింజ రంగు ఫిల్టర్ లోంచి చూడండి. శుభ్రమైన పన్ను పచ్చగా మెరుస్తుంది. రోజుల తరబడి తొలగించని పాచి, పళ్ల సందుల్లో, చిగురు అంచున, ఎర్రగా నిప్పు కణికల్లా కనిపిస్తుంది. నిన్నటి పాచి అంతగా మెరవదు, ముదిరిన పాచి మెరుస్తుంది. కానీ ఎరుపంతా జబ్బే అనుకోకండి. పళ్ల మధ్య ఇరుక్కున్న ఆకుకూర ముక్క కూడా క్లోరోఫిల్ వల్ల ఎర్రగానే మెరుస్తుంది. పాచి ఎక్కడ తప్పిపోతోందో చూపించడానికి ఇది భలే పనికొస్తుంది, రోగ నిర్ధారణకి మాత్రం చాలదు.

ఇప్పుడు ఒక మెలిక. 2005లో బోస్టన్‌లో చేసిన ప్రయోగంలో 380 నుంచి 520 నానోమీటర్ల వెలుగుని ఈ గుంపు మీద వేశారు. ప్రెవోటెల్లా ఇంటర్మీడియాకి చదరపు సెంటీమీటరుకి 4.2 జౌళ్ల (జౌలు అంటే శక్తి కొలత) వెలుగు సరిపోయింది. జింజివాలిస్‌కి 42 జౌళ్ల దాకా పోవలసి వచ్చింది. పది రెట్లు! కారణం లోపల దాచుకున్న సరుకులో ఉంది. జింజివాలిస్‌లో పోర్ఫిరిన్ చాలా తక్కువ. ఇంటర్మీడియాతో పోలిస్తే నూరో వంతుకన్నా తక్కువ. అది ఎక్కువగా దాచుకునేది ఇనుముతో కూడిన హీమ్. నడుమ ఇనుము ఉన్న పోర్ఫిరిన్ వెలుగు తాగుతుంది గానీ శక్తిని ఆక్సిజన్‌కి ఇవ్వదు, వేడిగా వదిలేస్తుంది. ఇనుము లేని పోర్ఫిరినే మనకు పనికొచ్చేది. నల్లగా ఉంది కదా, వెలుగుకి సులువుగా చస్తుంది అనుకుంటే పొరపాటు.

ఈ 42 అనే అంకెని కాసేపు పట్టుకుందాం, ఎందుకంటే ఇంట్లో నోటికి వాడమని అమ్మే దీపాలన్నీ ఇక్కడే తేలిపోతాయి. లెక్క చాలా సులువు. మిల్లీవాట్లను సెకన్లతో గుణిస్తే మిల్లీజౌళ్లు. పంటి దగ్గర చదరపు సెంటీమీటరుకి 100 మిల్లీవాట్ల వెలుగు పడుతుంటే, 42 జౌళ్లకి 420 సెకన్లు, అంటే ఏడు నిమిషాలు. పంటి దగ్గర పడేది 10 మిల్లీవాట్లే అయితే 70 నిమిషాలు. అది కూడా ఒక్కచోట, కదపకుండా. పైగా ఎల్ఈడీ వెలుగు విచ్చుకుపోతుంది. దూరం కాస్త పెరిగినా తీవ్రత పడిపోతుంది. అట్టపెట్టె మీద ఎన్ని బల్బులో రాస్తారు, ఎన్ని మిల్లీవాట్లో రాయరు. కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. తరంగదైర్ఘ్యం ఎంత, పంటి దగ్గర తీవ్రత ఎంత అని. ఈ రెండూ చెప్పని పరికరం గురించి మాట్లాడుకోవడం అనవసరం అంటాను నేను.

తీవ్రత పెంచేద్దాం అంటారా? పళ్ల ఫిల్లింగ్ గట్టిపరచే క్యూరింగ్ లైటు చదరపు సెంటీమీటరుకి 1000 మిల్లీవాట్లు, అంతకు మించి కూడా ఇస్తుంది. 42 జౌళ్లు 42 సెకన్లలో వచ్చేస్తాయి. అయితే వేడి కూడా వస్తుంది. 1965లో కోతుల మీద చేసిన పాత ప్రయోగం ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు: పంటి గుజ్జు ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 15 శాతం పళ్లలో గుజ్జు కోలుకోలేదు. అందుకే ఒక్కసారిగా గుప్పించకుండా విడతలుగా ఇస్తారు, చల్లటి గాలి ఊదుతారు.

పళ్లు పుచ్చిపోయేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి వాటి దగ్గర ఇలాంటి సొంత రంగు చెప్పుకోదగ్గంత లేదు. అక్కడ మనమే పూయాలి. మిథిలీన్ బ్లూ 660 నానోమీటర్ల చుట్టుపక్కల ఎరుపుని, టొల్యుడీన్ బ్లూ 630 దగ్గర ఎరుపుని తాగుతాయి. ఇండోసైనిన్ గ్రీన్ 800 పైచిలుకు పరారుణాన్ని, పసుపులోని కర్కుమిన్ 420 నుంచి 450 దాకా నీలాన్ని తాగుతాయి. జతలు తప్పితే పని సున్నా. మిథిలీన్ బ్లూ పూసి 810 లేజర్ వేస్తే పన్ను వేడెక్కడం తప్ప ఏమీ జరగదు. ఇది ఎవరో చేసే తప్పు కాదు, ఒకే క్లినిక్‌లో రెండు లేజర్లు ఉన్నప్పుడు మామూలుగా జరిగేదే.

మొదటి రెండు రంగులకీ ధన విద్యుదావేశం ఉంది. అది యాదృచ్ఛికం కాదు. బ్యాక్టీరియాని పై గోడ తీరుని బట్టి గ్రామ్ నెగెటివ్, గ్రామ్ పాజిటివ్ అని రెండు రకాలుగా చెప్తాం. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, దాని పైభాగం ఋణావేశంతో ఉంటుంది. తటస్థంగానో ఋణావేశంతోనో ఉన్న రంగు ఆ గుమ్మం దాటదు. గ్రామ్ పాజిటివ్‌కి అంత కాపలా లేదు.

చిగురు పాకెట్‌లో, అంటే జబ్బు వల్ల పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడిన సందులో, ఈ పని చేసే వరుస చెప్తాను. విద్యార్థులు రాసుకోండి.

ముందు స్కేలింగ్ (గార తీయడం), రూట్ ప్లానింగ్ (పంటి వేరుని నున్నగా శుభ్రం చేయడం) పూర్తిగా చేయాలి. గార అలాగే ఉంచి పైన రంగు పోయడమంటే గోడకున్న బూజు మీద సున్నం వేసినట్టే. తర్వాత రక్తం ఆగేదాకా ఆగండి. హిమోగ్లోబిన్ నీలాన్ని విపరీతంగా తాగేస్తుంది, ఎరుపుని కూడా కొంత తినేస్తుంది. పైగా రక్తంలోని ప్రోటీన్లు రంగుని పట్టేసుకుంటాయి, పుట్టిన సింగ్లెట్ ఆక్సిజన్‌నీ మింగేస్తాయి. కొందరు ఆ రోజు వదిలేసి మరో రోజు పిలిపిస్తారు. అది మంచి పద్ధతే.

మొండి మొన ఉన్న సూదితో పాకెట్ అడుగున మొదలుపెట్టి పైకి వస్తూ నింపాలి. పైనుంచి పోస్తే అడుగున గాలి బుడగ మిగులుతుంది, రంగు అక్కడికి చేరదు. మిథిలీన్ బ్లూ అయితే 0.005 నుంచి 0.01 శాతం చాలు, అంటే మిల్లీలీటరుకి 50 నుంచి 100 మైక్రోగ్రాములు. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత మిగులు రంగుని కడిగేయాలి. ఈ కడగడం చాలామంది మర్చిపోతారు. చిక్కగా ఉంటే ఎక్కువ చస్తాయన్న ఆశతో అలాగే వదిలేస్తారు. కానీ చిక్కటి రంగు పై పొరలోనే వెలుగంతా తాగేసి కింద చీకటి చేస్తుంది. పైగా ఎక్కువ చిక్కదనంలో మిథిలీన్ బ్లూ అణువులు జంటలు కడతాయి, అవి తాగే వెలుగు 610 వైపు జరుగుతుంది, మన 660 లేజర్ వృథా అవుతుంది.

తర్వాత లేజర్ ఫైబర్ కొనని పాకెట్‌లోకి దించి, ఒక్కో చోట సుమారు ఒక నిమిషం, పన్ను చుట్టూ నాలుగు నుంచి ఆరు చోట్ల. కొన ఒకేచోట ఆపకుండా మెల్లగా పైకీ కిందికీ కదపాలి. వెలుగు వేస్తున్నకొద్దీ నీలం వెలిసిపోతుంటుంది. వెలిసిన రంగు ఇక పని చేయదు, కాబట్టి పావుగంట వెలుగు వేసినా మొదటి నిమిషాలకన్నా పెద్దగా కలిసిరాదు.

రూట్ కెనాల్‌లో అయితే ఇంకో ఉచ్చు ఉంది. అక్కడ ముందు హైపోక్లోరైట్‌తో కడుగుతాం. అది బట్టల మరకలు తీసే సరుకే. అది మిగిలి ఉండగా మిథిలీన్ బ్లూ పోస్తే కళ్లముందే నీలం మాయమవుతుంది. సెలైన్‌తో బాగా కడిగి, పేపర్ పాయింట్ అనే సన్నటి కాగితపు పుల్లతో తడి తీసి, అప్పుడు రంగు పోయండి. ఇక్కడ వెలుగు హైపోక్లోరైట్‌కి బదులు కాదు, దాని తర్వాత వచ్చే చేదోడు మాత్రమే.

కళ్లద్దాలు. రోగికీ, వైద్యుడికీ, సహాయకురాలికీ. 660కి పనికొచ్చే అద్దం 405కి పనికిరాదు. అద్దం అంచున తరంగదైర్ఘ్యాలు ముద్రించి ఉంటాయి, చూసి పెట్టుకోండి. నీలం వెలుగు రెటీనాకి 435, 440 ప్రాంతంలో ఎక్కువ చెరుపు చేస్తుంది. కన్ను చికిలించినంత మాత్రాన సరిపోదు.

ఇంత చెప్పాక, ఇది ఎంత పని చేస్తుందో నిజాయితీగా చెప్పాలి కదా. పరీక్షనాళికలో ఈదుతున్న బ్యాక్టీరియా మీద అద్భుతంగా పని చేస్తుంది. అంటుకుని పాచిగా పెరిగిన దాని మీద అంతగా కాదు. పాచిలో జిగురు పదార్థం రంగుని పై అంతస్తుల్లోనే ఆపేస్తుంది. నీలం వెలుగు కణజాలంలో ఒక మిల్లీమీటరు దాటడం కష్టం, ఎరుపు కొన్ని మిల్లీమీటర్లు పోతుంది. ఇక ఆక్సిజన్: బయటి గాలిలో దాని పీడనం సుమారు 160 మిల్లీమీటర్ల పాదరసం, చికిత్స చేయని చిగురు పాకెట్‌లో కొలిస్తే సగటున 13 ప్రాంతం. అంటే మనం చంపాలనుకునే, ఆక్సిజన్ లేకుండా బతికే అవాయు బ్యాక్టీరియా, మన ఆయుధానికి కావలసిన మందుగుండు లేని చోటే వెతుక్కుని కాపురం పెట్టింది. జెరూసలెం పరిశోధకులు జింజివాలిస్ మీద, ఫ్యూసోబాక్టీరియం అనే ఇంకో నోటి బ్యాక్టీరియా మీద నీలం వెలుగు వేసి చూశారు. ఆక్సిజన్ తీసేసిన వాతావరణంలో ఆ వెలుగు ఏమీ చేయలేకపోయింది.

ఇంకొక లెక్క. "99.9 శాతం చంపుతుంది" అని రాసి ఉంటుంది. మిల్లీలీటరు ఉమ్మిలో పది కోట్ల బ్యాక్టీరియా ఉండడం మామూలే. వెయ్యికి ఒకటి మిగిలినా లక్ష. అవి ఐదు గంటలకోసారి రెట్టింపవుతాయనుకోండి. వెయ్యి రెట్లు కావడానికి పది రెట్టింపులు, అంటే యాభై గంటలు. రెండు రోజుల్లో మళ్లీ మొదటికే. అందుకే దీన్ని ఒక్కసారి చేసే వైద్యంగా చూస్తే నిరాశే.

యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ పీరియోడాంటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు 660–670, 800–900 నానోమీటర్ల ఫోటోడైనమిక్ చికిత్సని చిగుళ్ల జబ్బులో స్కేలింగ్‌కి తోడుగా వాడవద్దనే సూచించాయి. ఆధారాలు చాలవన్నది వాళ్ల వాదన. నాకైతే ఆ మాట సబబుగానే అనిపిస్తుంది, కానీ వెలుగు పని చేయదని దాని అర్థం కాదు. ఒక్కొక్కరు ఒక్కో రంగు, ఒక్కో మోతాదు, ఒక్కో వ్యవధి వాడి చేసిన అధ్యయనాలని కలిపి సగటు తీస్తే స్పష్టత ఎక్కణ్ణుంచి వస్తుంది? నా లెక్కలో దీనికి మంచి చోటు పాకెట్ అడుగు కాదు, వెలుగూ గాలీ చేరే చోట్లు: నాలుక వెనక భాగం, కట్టుడు పళ్ల కింద కాండిడా అనే శిలీంధ్రం పట్టిన అంగిలి, చిగురు అంచు పైనున్న పాచి.

ప్రశ్నలు తీసుకుందాం.

"పళ్లు తెల్లబరిచే కిట్‌లో నీలం దీపం వస్తుంది కదండీ, అది వాడితే క్రిములు కూడా పోతాయా?"

పోవండీ. తెల్లబరిచేది అందులోని పెరాక్సైడ్ జెల్. దీపం ఏ తరంగదైర్ఘ్యమో, ఎంత తీవ్రతో ఇందాక చెప్పినట్టు లెక్కేసి చూడండి. తేలికగానే తేలిపోతుంది.

"ఎర్ర దీపం చిగుళ్లకి మంచిదని అంటున్నారు, అదీ ఇదీ ఒకటేనా?"

కాదు. అది రంగు లేకుండా, తక్కువ తీవ్రతతో మన కణాలని ఉత్తేజపరచడానికి. గాయం మానడం, నొప్పి తగ్గడం దాని ఉద్దేశం. బ్యాక్టీరియాని చంపడం కాదు. రెండిటికీ ఒకే రంగు లేజర్ వాడతారు కాబట్టి గందరగోళం.

"బ్రష్షులు పెట్టే అతినీలలోహిత పెట్టె?"

బ్రష్షు బయట ఉంటుంది కాబట్టి వాడొచ్చు. కానీ ఆ వెలుగు నేరుగా తగిలిన చోటే పని. కుచ్చుల మొదళ్లలో నీడ ఉంటుంది, అక్కడ ఏమీ కాదు. కడిగి, నిలబెట్టి, ఆరనివ్వడమే ముఖ్యం.

"ఇంట్లో వాడే పరికరాలు అన్నీ మోసమేనా?"

అన్నీ కాదు. ఫిన్లండ్‌లో ఒకటి తయారైంది. ఇండోసైనిన్ గ్రీన్ మాత్ర నీళ్లలో కరిగించి పుక్కిలించి, పళ్లకి పట్టుకునే పలకతో 405, 810 రెండూ కలిపి పది నిమిషాల పాటు వేస్తారు. రంగు ఉంది, జత కుదిరింది, తరంగదైర్ఘ్యం బయటికి చెప్పారు. లెక్క సరిగా ఉంది. బ్రష్షింగ్ మానేసి వాడేది మాత్రం కాదు.

"ఎవరు వాడకూడదు?"

పోర్ఫిరియా అనే జబ్బు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, వాళ్ల కణాల్లోనే పోర్ఫిరిన్ ఉంటుంది. అయోడిన్ కలిసిన సరుకు పడనివాళ్లు ఇండోసైనిన్ గ్రీన్ విషయంలో ముందే చెప్పాలి. మిథిలీన్ బ్లూ ఒంట్లోకి చేరితే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు పగలవచ్చు, కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే సెరటోనిన్ అనే నాడీ రసాయనం ప్రమాదకరంగా పెరగవచ్చు. పాకెట్‌లో వేసే చుక్క చాలా చిన్నది, అయినా వేసే ముందు మందుల జాబితా అడగండి. డాక్సీసైక్లిన్ వాడుతున్నవాళ్లని కూడా అడగండి, దానికీ వెలుగు పడితే రియాక్షన్ ఇచ్చే గుణం ఉంది. ఇక నాలుక, పెదవులు నీలంగా ఉంటాయని వాళ్లు కుర్చీ దిగకముందే చెప్పండి. లేకపోతే ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని మీకు ఫోన్ చేస్తారు.